చేసి చూపించండి, డాక్టరమ్మా!

మోతల మేస్త్రి షెడ్డులో కారు బానెట్ తెరుచుకోవాలంటే ముందు ఆ కారు తాలూకు మనిషి నోరు తెరుచుకోవాలి. కారు ఏ మోత చేస్తోందో ఆ మోత నోటితో చేసి చూపించాలి. "ముందు పక్క ఏదో శబ్దం వస్తోందండీ" అంటే చాలదు. "ఏదో అంటే ఏదండీ? చేసి చూపించండి" అంటాడు. చేసేదాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోడు. బతిమాలినా అంతే, బెదిరించినా అంతే. "కారు నీ ఎదురుగానే ఉంది కదయ్యా, స్టార్ట్ చేసి వినరాదూ?" అని అడిగిన తెలివైనవాళ్ళు చాలామందే ఉన్నారు. "దాని సంగతి తర్వాత. ముందు మీరు కానివ్వండి" అని చేతులు కట్టుకుని నిలబడతాడు.

చెయ్యడానికి ఒక పద్ధతి కూడా ఉంది. షెడ్డు నేల మీద పసుపు పెయింటుతో ఒక గడి గీసి పెట్టాడు. అందులోనే నిలబడాలి. నెత్తి మీద ట్యూబ్‌లైటు వెలుగుతుండాలి. ముఖం మాత్రం పాత వ్యాన్లోంచి పీకి గోడవారగా వేసిన సీటు వైపు ఉండాలి. ఆ సీట్లో పెద్దమేస్త్రి కూర్చుని ఉంటాడు. మోతల మేస్త్రికి ఆయన మేనమామ. షెడ్డు కట్టిందీ ఆయనే, మేనల్లుడికి పని నేర్పిందీ ఆయనే. ఇప్పుడు స్పానర్ల ట్రే ఒళ్ళో పెట్టుకుని, తుడిచిన స్పానర్లనే మళ్ళీ తుడుస్తూ కూర్చుంటాడు. నమస్కారం పెడితే తిరిగి పెడతాడు గానీ నోరు విప్పి ఒక్క మాట మాట్లాడడు. ఒకప్పుడు పేరుమోసిన మేస్త్రి కదా, ఆ పొగరింకా దిగలేదని అందరూ సరిపెట్టుకున్నారు.

ఆ పసుపు గడిలో పరువు పోగొట్టుకోని పెద్దమనిషి ఊళ్ళో లేడు. ఒక లాయరుగారు నల్లకోటుతో సహా నిలబడి, "గర్ర్... గర్ర్... ఠప్" అని చేసి, అలవాటుకొద్దీ "ఇంతటితో నా వాదన ముగిస్తున్నాను" అన్నారు. పోలీసు అధికారి ఒకాయన ముందు డ్రైవర్ని బయటికి పంపించి, షట్టర్ దింపించి, అప్పుడు పిల్లి కూతలాంటిది ఒకటి కూశాడు. "ఈ సంగతి బయటికి పొక్కిందో, లోపలేస్తా" అన్నాడు. "పొక్కదు సార్. ఇంకొంచెం నోరు తెరిచి చెయ్యండి సార్" అన్నాడు మేస్త్రి.

కొత్తగా పెళ్ళయిన జంట వచ్చినప్పుడైతే పెద్ద గొడవే అయింది. అబ్బాయి "టక్ టక్" అన్నాడు. అమ్మాయి "కాదు, టిక్ టిక్" అంది.

"నడిపేది నేను. నాకు తెలీదా?"

"పక్కన కూర్చుని భరించేది నేను. నాకు తెలీదా?"

"నీకు అన్నీ టిక్కులాగే వినిపిస్తాయి."

"మీకు నేను చెప్పేది ఏనాడు వినిపించింది గనక?"

ఇద్దరూ మూతులు ముడిచి చెరో గోడవైపు తిరిగారు. "ఇటు తిరిగి పోట్లాడుకోండి బాబూ, ముఖాలు కనబడాలి!" అని మేస్త్రి లబలబలాడాడు.

మోత పూర్తయ్యాక మేస్త్రి గంభీరంగా తలపంకించి, చెయ్యి వెనక్కి చాపి, "మావయ్యా, ఒక స్పానర్" అంటాడు. పెద్దాయన ట్రేలోంచి ఏదో ఒకటి తీసి ఆ చేతిలో పెడతాడు. దాన్ని పట్టుకుని వెళ్ళి బానెట్ ఎత్తి, సరిగ్గా జబ్బున్న చోటే పని మొదలుపెడతాడు. ఆ చెయ్యి తప్పడం ఎవరూ చూడలేదు. అందుకే జనం ఒకపక్క తిట్టుకుంటూనే ఇంకోపక్క అతని దగ్గరికే వెళ్ళేవాళ్ళు.

అలాంటి షెడ్డుకు ఒక గురువారం మధ్యాహ్నం పళ్ళ డాక్టరమ్మ వచ్చింది.

ఆవిడ కారు చూడ్డానికి అగ్గిపెట్టెంత ఉంటుంది. లోపల మాత్రం అన్నీ మార్పించేసింది. ఇంజన్ జోరు పెంచే టర్బో పెట్టించింది, వెడల్పాటి సైలెన్సర్ గొట్టం వేయించింది, కారుని నేలకు జానెడు ఎత్తుకు దింపించింది. క్లినిక్‌లో "నొప్పి తెలీనే తెలీదండీ" అని మెత్తగా మాట్లాడే మనిషి స్టీరింగ్ ముందు కూర్చుందంటే, నిద్రపోతున్న వీధికుక్కలు కూడా లేచి దారి ఇచ్చేవి.

ఇదంతా గుట్ట రేసు కోసం. ఊరి బయట గుట్ట మీదికి పదకొండు వంపుల రోడ్డుంది. ఏడాదికోసారి ఒక్కో కారూ ఒంటరిగా దాన్నెక్కాలి, ఎవరికెంతసేపు పట్టిందో లెక్కేస్తారు. డాక్టరమ్మ రెండేళ్ళు ప్రయత్నించింది. మొదటి ఏడు రేడియేటర్ పేలి ఆవిరిలో మాయమైపోయింది. రెండో ఏడు క్లచ్చి కాలి నాలుగో వంపులో కూర్చుండిపోయింది. ఆవిడ భర్త ఫ్రిజ్ మోతకే ఉలిక్కిపడే మనిషి. అయినా రెండుసార్లూ ఓర్చుకున్నాడు. మూడోసారి మాత్రం, "ఈ ఆదివారం కూడా పైదాకా ఎక్కకపోతే అమ్మేద్దాం" అన్నాడు. ఆవిడ రోషంకొద్దీ "అలాగే" అనేసింది. కొనడానికి భర్త బాబాయి కొడుకు సిద్ధంగా ఉన్నాడు. ఆ టర్బో అదీ పీకేసి, మార్కెట్టుకు వెళ్ళి కూరగాయలు తెచ్చుకోడానికి వాడుకుంటానన్నాడు. ఆ కూరగాయల మాట విన్నప్పట్నుంచీ డాక్టరమ్మకు కంటిమీద కునుకు లేదు.

సరిగ్గా బుధవారం ఇంజన్లోంచి మోత మొదలైంది. అద్దాల తలుపుల పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే, "ఇంజన్ దించాలి మేడమ్, మూడు వారాలు పడుతుంది" అన్నారు. ఆదివారానికి ఉన్నది నాలుగు రోజులు. దాంతో సిగ్గూ ఎగ్గూ పక్కన పెట్టి మోతల మేస్త్రి దగ్గరికి వచ్చింది.

పక్కన పెట్టాననుకుంది గానీ, పసుపు గడిలోకి అడుగు పెట్టగానే ఆ సిగ్గు పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చేసింది.

"చేసి చూపించండి, డాక్టరమ్మా" అన్నాడు మేస్త్రి.

"చెబుతాను కదండీ. మూడువేల మీద ఇంజన్ తిరిగితే—"

"చెప్పడం కాదు. చేయడం. ముందు ఆ మాస్కు తీయండి."

"మాస్కా? దుమ్ము పడదండీ నాకు."

"ఒక్క నిమిషానికేనమ్మా."

"అరనిమిషం కూడా పడదు."

దుమ్మూ లేదు, దూగరా లేదు. అసలు సంగతి పన్ను. ఊరందరి పళ్ళూ సరిచేసే ఆవిడకు పైవరసలో ఒక పన్ను పక్కదాని భుజమెక్కి కూర్చుని ఉంది. దాన్ని సరిచేయించుకోవాలంటే ఇంకో పళ్ళ డాక్టరు ముందు నోరు తెరవాలి. చచ్చినా తెరవదు. అందుకని పొద్దున కట్టిన మాస్కు ఇంటికి వెళ్ళేదాకా దించదు, నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

చివరికి మాస్కు లోపల్నుంచే "టిక్ టిక్ టిక్" అంది. మేస్త్రి ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి అంది. "ఇంకొంచెం గట్టిగా" అన్నాడు. మాస్కు బుసబుసా ఊగింది తప్ప వేరే ప్రయోజనం కనబడలేదు. మేస్త్రి తల గోక్కుని, చెయ్యి వెనక్కి చాపి, "మావయ్యా, ఒక స్పానర్" అన్నాడు. ఈసారి పెద్దాయన వేళ్ళు ట్రే మీద చాలాసేపు తచ్చాడాయి. ఆఖరికి ఒక చిన్నది తీసి ఇచ్చాడు. మేస్త్రి దాన్ని చూశాడు, మావయ్య ముఖం చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు.

"టాపెట్లు" అన్నాడు నీరసంగా. "ఇంజన్ తలకాయలో వాల్వుల్ని నొక్కే మీటలమ్మా. వదులైనట్టున్నాయి. రేపు సాయంత్రానికి రండి."

శుక్రవారం సాయంత్రం డాక్టరమ్మ కారు తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళిందో లేదో, టిక్ టిక్ టిక్! కళ్ళ ముందు వంకాయలూ బెండకాయలూ తన రేసు కారులో ఊరేగుతూ కనిపించాయి. కారు వెనక్కి తిప్పి షెడ్డులోకి దూసుకొచ్చింది. మేస్త్రి పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. వ్యాను సీట్లో పెద్దమేస్త్రి ఒక్కడే ఉన్నాడు. దొరికినవాళ్ళ మీదే కోపం చూపించేద్దామనుకుంది.

"మీరు పెద్దవాళ్ళు, మీరైనా చెప్పండి. ఒక రోజంతా ఉంచుకుని చేసింది ఇదా? ఎల్లుండే నా రేసు. మీ మేనల్లుడు నన్ను మోసం చేస్తున్నాడా?"

పెద్దాయన చల్లగా నవ్వి తలూపాడు.

"ఏమిటీ? నిజంగా మోసమేనా?"

ఇంకా ప్రేమగా తలూపాడు.

డాక్టరమ్మ మాస్కు గడ్డం కిందికి లాగేసి, "కావాలనే మోసం చేస్తున్నాడా అని అడుగుతున్నాను!" అంది. అంతే, పెద్దాయన ముఖం పాలిపోయింది. స్పానర్లు కింద పడేసి, రెండు చేతులూ అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ ఆగిపోయింది. ఆవిడ దగ్గరికి ఒక ముసలమ్మ కట్టుడుపళ్ళ కోసం వచ్చేది. "మూతిగుడ్డ తీసి మాట్లాడు తల్లీ, నాకు చెవులు పనిచెయ్యవు" అనేది. ఆ ముసలమ్మ చూపు ఎప్పుడూ డాక్టరమ్మ కళ్ళ మీద కాకుండా పెదాల మీదే ఉండేది. ఇప్పుడు పెద్దాయన చూపు కూడా సరిగ్గా అక్కడే ఉంది. డాక్టరమ్మ గొంతు పెగల్చకుండా, పెదాలు మాత్రం కదిపి, "దాహంగా ఉంది" అంది. పెద్దాయన గబగబా లేచి నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ రాగానే ఆవిడ అతన్ని షెడ్డు బయటికి లాక్కెళ్ళింది.

"ఆయనకు వినపడదు కదూ?"

"మెల్లగా అనండి డాక్టరమ్మా!"

"ఎందుకూ? ఆయనకు వినపడదుగా?"

"వీధిలోవాళ్ళకు వినపడుతుంది."

మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఊరందరి చేతా కూతలు కూయించిన మనిషి గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు.

"నాలుగేళ్ళయిందమ్మా. నలభై ఏళ్ళు ఇంజన్లలో తలపెట్టిన చెవులు, ఎంతకాలమని నిలుస్తాయి? ఒకసారి ఒకాయన కారు మోత వినపడక తప్పు చెప్పాడు. అందరి ముందూ నవ్వారు. మర్నాటినుంచి షెడ్డుకు రాలేదు. ఇంట్లో గోడవైపు తిరిగి కూర్చునేవాడు. అన్నానికి పిలిస్తే కూడా తిరిగేవాడు కాదు. ఒకరోజు మా అత్తకి ఏదో కారు ముచ్చట చెబుతూ నోటితో మోత చేశాను. మావయ్య నా మూతివైపు చూసి, 'ఫ్యాను బెల్టురా' అన్నాడు. వెళ్ళి చూస్తే ఫ్యాను బెల్టే."

"అందుకని ఈ పసుపు గడీ, లైటూ..."

"ఆయన ఇచ్చే స్పానర్ నంబరే ఆయన చెప్పే జబ్బు. నాకు పని వచ్చుగానీ మోత పట్టే చెవి లేదని ఆయనతో చెప్పాను. నేను లేకపోతే వీడి షెడ్డు నడవదని రోజూ ఎనిమిదింటికల్లా షెడ్డుకు వస్తాడు. ఊరు నన్ను పిచ్చోడంటుంది, అననివ్వండి. ఆయన్ని చూసి మళ్ళీ ఎవరూ నవ్వకూడదు, అంతే."

"మరి నిజంగా మీ చెవులు?"

మేస్త్రి నేల చూపులు చూశాడు. "బాగానే ఉన్నాయి. గురువారం మీరు వీధిలోకి వస్తుండగానే తెలిసింది. మానిఫోల్డ్ గ్యాస్కెట్. ఇంజన్ పొగని బయటికి తీసుకెళ్ళే గొట్టాల దగ్గర ఉండే రేకు పట్టీ. అది ఊడి గాలి తన్నుతోంది."

"తెలిసి తెలిసి టాపెట్లు బిగించారా!"

"మావయ్య టాపెట్లన్నాడు మరి. ఆ మాస్కులో ఆయనకేం కనబడింది పాపం! కంగారు పడకండి, కొత్త గ్యాస్కెట్ నిన్ననే తెప్పించి పెట్టాను. రేపు మధ్యాహ్నానికి మీ కారు మీకిచ్చేస్తాను. కానీ..."

"కానీ?"

"టాపెట్లు విప్పి చూస్తే అవేమీ వదులు కాలేదు, తను చెప్పింది తప్పని ఆయనకు తెలిసిపోయిందమ్మా. పొద్దుట్నుంచీ ఒక్క స్పానర్ కూడా సరిగ్గా తుడవలేదు. మళ్ళీ గోడవైపు తిరిగి కూర్చుంటాడేమోనని భయంగా ఉంది. రేపు పొద్దున ఇంకొక్కసారి చేస్తారా? మాస్కు లేకుండా?"

డాక్టరమ్మ పళ్ళు నూరింది. రెండు రోజులు తనని హడలగొట్టిన మనిషిని ఏం చేసినా పాపం లేదనిపించింది. తిడదామని నోరు తెరిచి, లోపల కింద పడిన స్పానర్లని ఒక్కొక్కటే ఏరుకుంటున్న పెద్దాయన్ని చూసి, మూసేసింది.

శనివారం పొద్దున ఆవిడ మాస్కు లేకుండా వచ్చింది. లేకపోవడమే కాదు, పెదాలు దూరానికి కూడా కనబడాలని ఎర్రటి లిప్‌స్టిక్ దిట్టంగా పట్టించి వచ్చింది. తిన్నగా వెళ్ళి గడిలో నిలబడి, లేని స్టీరింగ్ పట్టుకుని, లేని గేరు వేసింది.

ఇక చూడాలి! గుట్ట మొదలు నుంచి ఎత్తుకుంది. "బ్రూమ్మ్... టిక్ టిక్ టిక్..." గేరు మార్చింది. "టిక్‌టిక్‌టిక్‌టిక్!" ఒక వంపు వచ్చింది, ఒళ్ళంతా కుడికి వంచింది. ఇంకో వంపు వచ్చింది, ఎడమకు వాలింది. "ఛిస్... ఛిస్... ఛిస్!" భుజమెక్కిన పన్నుతో సహా ముప్ఫై రెండు పళ్ళూ ట్యూబ్‌లైటు వెలుగులో తళతళలాడాయి. టైర్లో గాలి కొట్టించుకోడానికి వచ్చిన లాయరుగారు కోర్టు సంగతి మరిచిపోయి నిలబడిపోయారు. ఐదో వంపు దగ్గర ఆయన చప్పట్లు కూడా కొట్టారు.

పెద్దాయన తుడవడం ఆపేశాడు. చెయ్యెత్తి, వేలితో ఎడమ వంపు చూపించాడు. మళ్ళీ చెయ్యమని. డాక్టరమ్మ మళ్ళీ ఎడమకు వాలి "ఛిస్... ఛిస్" అంది. కుడికి చెయ్యమన్నాడు. కుడికి వట్టి "టిక్ టిక్" మాత్రమే. పెద్దాయన కళ్ళు మెరిశాయి.

మేస్త్రి అప్పటికే కొత్త గ్యాస్కెట్ ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి చాపి సిద్ధంగా ఉన్నాడు. ఆ చేతిలో పడిన స్పానర్ చూసి అతని నవ్వు ఆరిపోయింది. అది గ్యాస్కెట్ పనికి పట్టే స్పానర్ కాదు. మావయ్య మళ్ళీ పొరబడ్డాడేమోనని ముఖం చూశాడు. పెద్దాయన వేలు కారు కిందికి చూపిస్తోంది.

మేస్త్రి కారుని జాకీ మీద లేపి కిందికి దూరాడు. ఆ వెడల్పాటి సైలెన్సర్ గొట్టాన్ని బిగించినవాళ్ళెవరో కారు ఒంటికి కదలకుండా ఇనప పట్టీతో బిగించేశారు. ఎడమ వంపు తిరిగినప్పుడల్లా ఇంజన్ ఒకపక్కకు ఒరుగుతోంది, గొట్టం మాత్రం కదలనని మొండికేస్తోంది. ఆ లాగుడుకి టర్బో వెనకాల, కంటికి కనబడని చోట, మానిఫోల్డ్‌ని పట్టుకునే బోల్టు ఒకటి రెండు ముక్కలైంది. గ్యాస్కెట్ ఊడింది ఆ తర్వాత.

మేస్త్రి కారు కింద నుంచి ముఖం బయటపెట్టాడు. "వట్టి గ్యాస్కెట్ వేసి పంపించి ఉంటే..."

"రెండో ఎడమ వంపులోనే మళ్ళీ ఊడేది" అంది డాక్టరమ్మ. కూరగాయలు ఇంకోసారి కళ్ళ ముందు మెదిలాయి.

"నేను తిన్నటి వీధిలో విన్నాను. వంపులో ఏమవుతుందో విననేలేదు." ఇన్నాళ్ళూ మావయ్యను తానే నిలబెడుతున్నానని లోలోపల కాస్త మురిసిపోయే మనిషి. ఆ మురిపెం అక్కడికక్కడే దిగిపోయింది. అయినా ముఖం మాత్రం చాటంత అయింది. మావయ్య ఇచ్చిన స్పానర్‌తోనే ఆ పట్టీ వదులు చేసి, కొత్త బోల్టూ కొత్త గ్యాస్కెట్టూ వేసి, మధ్యాహ్నానికల్లా కారు ఇచ్చేశాడు.

ఆదివారం గుట్ట కింద మూడొందల మంది పోగయ్యారు. డాక్టరమ్మ భర్త కళ్ళు గట్టిగా మూసుకుని, పక్కన రెండు కూరగాయల సంచులతో నిలబడిన తమ్ముడి భుజం పట్టుకుని ఉన్నాడు. పెద్దమేస్త్రి రోడ్డు వెంట గుట్ట పైదాకా సాగే ఇనప కంచె మీద, కారు అదురు తెలిసేలా అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. కారు కదిలింది. మొదటి వంపు, రెండో వంపు, కిందటేడు కూలబడిన నాలుగో వంపు... పదకొండూ దాటేసి గుట్ట నెత్తి మీదికి ఎక్కి కూర్చుంది. పందొమ్మిది కార్లలో పద్నాలుగోది. ఆవిడ సంబరం చూస్తే మాత్రం మొదటిదీ రెండోదీ మూడోదీ ఆవిడేననుకోవాలి. భర్త కళ్ళు తెరిచి, తమ్ముడి వైపు తిరిగి, "ఒరేయ్, నువ్వొక సైకిల్ కొనుక్కోరా" అన్నాడు.

ఆవిడ కిందికి దిగి వచ్చి, జనం మధ్యలోంచి తిన్నగా పెద్దాయన ముందు కారు ఆపింది. అద్దం దించి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నోరారా నవ్వింది.

పెద్దాయన నాలుగేళ్ళుగా బయటివాళ్ళ ముందు పెదవి కదిపింది లేదు. అలాంటిది సంతోషం పట్టలేక నోరు తెరిచాడు. తన గొంతు తనకు వినపడని మనిషి కదా, లారీ హారన్ మోగినట్టు వచ్చింది.

"ఏడో వంపులో గేరు ఆలస్యంగా మార్చావమ్మా!"

గుట్టంతా ఇటు తిరిగింది. మైకులో గెలిచినవాళ్ళ పేర్లు చదివే ఆయన చదవడం ఆపేశాడు. మేస్త్రి "మావయ్యా, మెల్లగా, మెల్లగా" అని సైగ చేస్తూ పరిగెత్తుకొచ్చాడు. పెద్దాయన అర్థమైందన్నట్టు తలూపి, మేనల్లుడి మెడ చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుని, చెవిలో రహస్యం చెప్పాడు. అది రహస్యమని ఆయన అనుకున్నాడు గానీ, గుట్ట అవతలివైపుకు కూడా వినిపించింది.

"నీకు చెవి లేదని అబద్ధం చెప్పావు కదరా. రెండేళ్ళ కిందటే కనిపెట్టాను. నేను స్పానర్ ఇవ్వకముందే నీ కాళ్ళు ఆ జబ్బు ఉన్న వైపే తిరుగుతాయి. తెలిసిపోయిందంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను. ఎవరికీ చెప్పకు!"

మేస్త్రికి కళ్ళల్లో నీళ్ళూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏం చెయ్యాలో తెలీక మావయ్య భుజంలో ముఖం దాచుకున్నాడు. ముందుగా డాక్టరమ్మ తేరుకుని, ఏదో పోయినట్టు డాష్‌బోర్డు కింద వెతకడం మొదలుపెట్టింది. లాయరుగారు జేబులో రుమాలు కోసం తడుముకున్నారు. మైకు ఆయన గొంతు సవరించుకుని, చదివిన పేర్లే మళ్ళీ మొదట్నుంచి చదివాడు. ఆ మూడొందల మందీ, ఒక్క ముక్క కూడా వినపడనట్టు, ఆకాశంలో మబ్బులు చూస్తూ నిలబడ్డారు.